చెవి దగ్గరి లక్క

మా మ్యూజియం రెండో అంతస్తులో చివరి గదిలో ఒక అమ్మాయి పడుకుని ఉంటుంది. పక్కన పలకమీద "పేరు తెలియని యువతి, ఈజిప్టు" అని రాసి ఉంటుంది. వెనకటి నవాబు ఎవరో దేశాలు తిరిగి హైదరాబాదు తెచ్చిన వింతల్లో ఆమె కూడా ఒక వింత. బడిపిల్లలు వరసగా వచ్చి, గాజుకు ముక్కులు ఆనించి, "టీచర్, ఇది లేస్తదా?" అని అడుగుతారు. నేను అక్కడుంటే "మీరు అల్లరి చేస్తే లేస్తుంది" అంటాను. కాసేపు అందరూ కుక్కిన పేనుల్లా ఉంటారు.

నా పేరు తాయారు. పాత వస్తువులు పాడైపోకుండా కాపాడడం నా పని. ఆ అమ్మాయి ఎముకల ఫొటోలు చూసిన డాక్టర్లు పంతొమ్మిదేళ్లు ఉండొచ్చన్నారు. మా అమ్మాయి ఇందీవర పోయినప్పుడు దాని వయసూ అంతే. ఈ సంగతి ఎవరితోనూ అనను గాని, సాయంత్రం ఆ గదిలో దీపం ఆర్పేటప్పుడు రోజూ అనుకుంటాను.

నౌషీన్ మా దగ్గరికి వచ్చిన కొత్తల్లో, ఒక పొద్దున నా బల్లమీద లక్క గాజు ఒకటి పెట్టింది. ఫిజిక్సులో డాక్టరేటు చేసిన పిల్ల. అయిదేళ్లుగా ఒకే యంత్రం పట్టుకుని వేలాడుతోంది. వాళ్లమ్మ పెళ్లి మాటెత్తితే "యంత్రంతో అయిపోయింది కదా అమ్మీ" అంటుందట.

"మేడమ్, గాజులు వేసుకుంటరు కదా, వాటిల ఏముందో ఎప్పుడన్నా విన్నరా?" అంది.

యంత్రం కొసన వెలుతురు సూదిలా సన్నగా ఉంటుంది. అది గాజుమీద నెమ్మదిగా పాకింది. స్పీకర్లో ముందు గరగరమంది. తరవాత సుత్తి చప్పుడు, ఎక్కడో ఆటో హారను, దానిమీద ఒక ముసలాయన గొంతు. "అరె, చాయ్ కిధర్ మర్‌గయీ రే?" అని, చాయ్ ఇంకా రాలేదని విసుక్కుని, దగ్గి, ఆగిపోయింది.

నాకు నవ్వొచ్చింది.

"లాడ్ బజార్ల కొన్న. గాజు చేసినాయన పోయిన సంవత్సరమే చనిపోయిండట" అంది నౌషీన్. "లక్క వేడిగున్నప్పుడు మెత్తగుంటది కదా. చల్లారేటప్పుడు పక్కన ఏ చప్పుడైనా వణుకుతది. ఆ వణుకు అట్లనే గడ్డకడతది."

"ఇంకోసారి పెట్టు."

"కంప్యూటర్ల కాపీ ఉంది, అదే వినాలె. గాజుల ఇంకేం లేదు మేడమ్."

గాజు తీసి చూపించింది. వెలుతురు పాకినచోట బొగ్గులా నల్లబడింది. ఒకసారి నల్లబడితే ఇక వెలుతురు దూరదట. కింద మరో పొర ఉంటే దానికీ అదే గతి. వింటే కాలిపోతుంది, అదీ ఆ యంత్రం ఖరీదు. మా అటెండరు యాదగిరి దానికి పాముచెవి అని పేరు పెట్టాడు. ఇప్పుడు నౌషీన్ కూడా అలాగే అంటుంది.

లక్క గాజు కోసం కాదు ఆమె వచ్చింది. ఈజిప్టువాళ్లు శవానికి గుడ్డ చుట్టేముందు గుగ్గిలం లాంటి చెట్టు బంకను కాచి వేడివేడిగా పోసేవాళ్లు. ఈ గాజుపెట్టెలో అమ్మాయి కుడిచెవి వెనక ఆ బంక మడుగు కట్టి గడ్డకట్టింది. అది గడ్డకట్టేటప్పుడు ఆమె చెవి దగ్గర ఎవరైనా మాట్లాడి ఉంటే, ఆ మాట ఇంకా అక్కడే ఉంది. వేల ఏళ్లనాటి మాట. కాకపోతే ఈ మధ్య ప్రతి వానాకాలానికీ గాజుపెట్టెలోకి చెమ్మ దిగుతోంది. బంక మెత్తబడుతోంది. మెత్తబడి జారిందంటే మాట కూడా చెరిగిపోతుంది. మరో వానాకాలం ఆగేది కాదని నేనే రాసిచ్చాను. కమిటీ ఒప్పుకుంది.

ప్రయోగానికి వారం ముందు మా ఇంట్లో ఆబ్దికం. మా ఆయన వేదాద్రిది. ఆయనా ఈ మ్యూజియంలోనే పనిచేశారు, నాకు పని నేర్పింది ఆయనే. మా మరిది సారథి ఏటా వచ్చి గారెలు తిని, కళ్లనీళ్లు పెట్టుకుని వెళతాడు. మంచివాడు. నోట్లో నువ్వు గింజ నానదు, అంతే.

ఆ నోటి మాటే ఇన్నేళ్లూ నన్ను పొడుస్తోంది. ఇందీవరకి మెదడు జ్వరం వచ్చింది. ఆదివారం పక్కింటి పిల్లలతో క్యారమ్స్ ఆడిన పిల్ల గురువారానికి లేదు. ఆడవాళ్లం గుమ్మం దగ్గరే ఆగిపోయాం. శ్మశానానికి సగం దారిలో పాడె దించుతారు. అయినవాళ్లు చెవి దగ్గర వంగి మూడుసార్లు పేరు పెట్టి పిలవాలి. పిలిస్తే లేచి కూర్చున్నవాళ్లు ఉన్నారంటారు. చివరికి మిగిలిన ఆశను దింపుడు కళ్లం ఆశ అనేది అందుకే. మా పిల్లని తండ్రి పిలవాలి. సారథి తిరిగొచ్చి నా ఎదుట నిలబడి, "అన్నయ్య నోరు విప్పలేదు వదినా, నేనే పిలిచాను" అన్నాడు.

ఆ రాత్రే వేదాద్రిని అడిగాను. ఎందుకు పిలవలేదని. ఆయన జవాబు చెప్పలేదు. తరవాత కూడా చెప్పలేదు. ఆయన పిలిస్తే లేచేదని కాదు. నాకంత వెర్రి లేదు. పిలవకుండా ఎలా పంపగలిగారన్నదే నాకు అర్థం కాలేదు. నేను సెలవు పెట్టి నెలల తరబడి ఇంట్లో కూర్చున్నాను. ఆయన మాత్రం దినాలు కాగానే పనిలోకి వెళ్లిపోయారు. దానికీ కోపమే వచ్చింది నాకు. అలాగే కలిసి బతికాం, అలాగే ఒకరోజు గుండె ఆగి ఆయన వెళ్లిపోయారు.

"ఇంకా ఆ మాట మనసులో పెట్టుకున్నావా వదినా?" అన్నాడు సారథి చెయ్యి కడుక్కుంటూ.

"నేను పెట్టుకోలేదు సారథీ. అదే వదలడం లేదు" అన్నాను.

ప్రయోగం శుక్రవారం పెట్టుకున్నాం, ఆ రోజు మ్యూజియానికి సెలవు. పొద్దుటినుంచీ ముసురు. గదిలో నలుగురమే ఉన్నాం. నౌషీన్ యంత్రం దగ్గర, యాదగిరి చెమ్మ కొలిచే మీటరు దగ్గర, నేను అమ్మాయి తల దగ్గర. గోడవారన కుర్చీలో కమిటీ చైర్మన్ నరహరిగారు. పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఆయన సంతకం లేనిదే మా మ్యూజియంలో బల్లి కూడా గోడ మారదు.

"మీటరు యాభై అయిదు శాతం చూపిస్తే పెట్టె మూసేయాలి. వానలు పోయేదాకా మళ్లీ తెరవడానికి వీల్లేదు" అన్నారు నరహరిగారు. నిజానికి ఆ షరతు రాసింది నేనే.

గాజు మూత ఎత్తాం. వేదాద్రి మూసిన మూత అది. నేను సెలవులో ఉన్న రోజుల్లో కుడిచెవి వెనక బంక పగిలితే, ఆయన ఒక్కరే కూర్చుని బాగుచేసి పెట్టె మూశారు. ఆ తరవాత ఎవరూ తెరవలేదు. చెవి మీది గుడ్డ అంచు పట్టకారుతో తొలగించాను. బంక ముదురు గోధుమ రంగులో నున్నగా మెరిసింది. పగులు ఎక్కడుందో నాకే కనపడలేదు. అంత బాగా చేశారు.

"పైనుంచి మొదలుపెడుతున్న" అంది నౌషీన్.

వెలుతురు పాకడం మొదలైంది. స్పీకర్లో గరగర. అప్పుడు నాకు వాసన తగిలింది.

ఆ వాసన నాకు తెలుసు. రిజిస్టర్ పార్శిలు కట్టేటప్పుడు పోస్టాఫీసులో కొవ్వొత్తి మీద కరిగించే లక్క వాసన. ఈజిప్టులో లక్క ఎక్కడిది? "నౌషీన్, ఆగు" అన్నాను. కాని అప్పటికే స్పీకర్లోంచి గొంతు వచ్చింది.

"ఇందీ. లేమ్మా."

మగ గొంతు. చాలా దగ్గరగా. చెవిలో చెబితే ఎలా ఉంటుందో అలా.

నౌషీన్ చెయ్యి మీటమీదే ఆగిపోయింది. నరహరిగారు కుర్చీలోంచి లేచారు.

"ఇదేందిది? మమ్మీ తెలుగు మాట్లాడుతదా? ఏం ఆటలాడుతున్నరు మీరు?"

"మైకు ఏదైనా కలిసిందేమో సార్..." నౌషీన్ వైర్లు తడుముతోంది. "అయిదేండ్లు చేసిన సార్ దీని మీద. ఇట్ల ఎప్పుడూ కాలేదు."

"మైకు కాదు" అన్నాను. "యాదగిరీ, ఊదా దీపం ఇలా ఇవ్వు."

ఆ దీపం కింద పాత బంక ఒక రంగులో కనపడుతుంది, లక్క ఇంకో రంగులో. వెలిగించి చెవి వెనక పట్టుకున్నాను. పగులు వెంబడి నారింజ రంగు మెరిసింది. ఒక్క ముక్కగా కాదు, మూడు ముక్కలుగా. ఒకటి పెట్టి, చల్లారాక రెండోది, అది చల్లారాక మూడోది. మధ్యలో అతుకులు స్పష్టంగా ఉన్నాయి. మొదటి ముక్క ఇప్పుడు నల్లగా కాలిపోయింది. మిగతా రెండూ చెక్కు చెదరలేదు.

అంత చిన్న పగులుకి లక్క ఒక్కసారే పోయొచ్చు. చేతకానివాడు కూడా మూడుసార్లు పోయడు.

మేమందరం పిల్లని వరా అని పిలిచేవాళ్లం. ఇందీ అన్నది ఆయనొక్కరే. రోడ్డు మధ్యన, అంతమంది ఎదుట నోరు పెగలని మనిషి ఇక్కడికొచ్చి, ఈ మూత ఎత్తి, తన కూతురు ఈడు పిల్ల చెవి దగ్గర వంగి పిలిచాడు. లక్క ముద్ద ఒకటి పెట్టి ఒకసారి, ఇంకొకటి పెట్టి ఇంకోసారి. ఈ గదిలో రోజూ దీపం ఆర్పాను. రోజూ ఆయన మీద కోపంగానే ఆర్పాను.

"మా ఆయన గొంతు సార్" అన్నాను. "పగులు లక్కతో పూడ్చారు. పూడ్చేటప్పుడు మా అమ్మాయిని పిలిచారు."

నౌషీన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నరహరిగారు గొంతు తగ్గించారు గాని పట్టు తగ్గించలేదు.

"తాయారమ్మా, మీ బాధ నాకర్థమైంది. కానీ మన స్టాఫే మమ్మీకి లక్క పూసిండ్రని బయట తెలిస్తే మ్యూజియం పరువు ఏం కావాలె? పెట్టె మూసేయుండ్రి. యంత్రం పనిచేయలేదని రాద్దాం."

"నడుమ నాదేం తప్పుంది సార్? యంత్రం పనిచేసింది" అంది నౌషీన్. ఆమె నా వైపు తిరిగింది. "మేడమ్, లక్క కింద అసలు బంక ఉంది. ఈ రెండు ముక్కల కింద లోతుగా చదువుత. మాట దొరుకుతది."

"లోతుగా చదివితే పైన లక్క?"

"కాలిపోతది మేడమ్. వినకుండనే కాలిపోతది. పైది ముందు విన్నమంటే నల్లబడి కిందిది అందదు. పైదో, కిందిదో, ఒకటే."

"ఒక ముక్కలో పైది, ఇంకో ముక్కలో కిందిది వింటే?"

"కిందిది శానా సన్నగుంది. రెండు ముక్కల కింద కలిపి చదివితేనే ఒక పలుకన్నా వస్తదని ఆశ. ఒక ముక్కతోని గరగర తప్ప ఏం రాకపోవచ్చు."

లక్కను పెచ్చుగా ఊడదీద్దామంటే కింది బంక కూడా ఊడొస్తుంది. అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"అమ్మా, యాభై దాటింది" అన్నాడు యాదగిరి.

పెట్టె మూస్తే లక్క అలాగే ఉంటుంది. చెమ్మకు బంక కరిగినా లక్కకేం కాదు. ఇవాళ కాకపోతే వచ్చే ఏడు, నరహరిగారి కోపం చల్లారాక, మిగతా రెండు పిలుపులూ వినొచ్చు. అందరికీ ఇదే మంచిది. మ్యూజియం పరువు నిలుస్తుంది. మా ఆయన గొంతు నాకు దక్కుతుంది. నష్టపోయేది ఈ పిల్ల ఒక్కతే. ఆమె తరఫున అడిగేవాళ్లు ఈ గదిలో ఎవరూ లేరు.

నాకు ఆ రెండు పిలుపులూ కావాలి. ఎంత కావాలంటే, "మూసెయ్" అనే మాట నాలుక చివరికి వచ్చింది. ఇన్నేళ్లు ఆకలితో ఉన్నవాళ్లకి ఒక్క ముద్ద పెట్టి విస్తరి లాగేస్తే ఎలా ఉంటుంది?

"యాభై రెండమ్మా."

పనిలో చేరిన కొత్తల్లో నేనొక పాత చీర అంచును పక్కా కుట్టుతో కుట్టేశాను. వేదాద్రి చూసి, పన్నుతో దారం కొరికి మొత్తం విప్పించారు. "తాయారూ, మనం పెట్టింది ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయగలగాలి. వాళ్లు పెట్టింది మాత్రం మనది కాదు, ముట్టుకోకూడదు" అన్నారు. ఆ మాట ఆయన నాకు వందసార్లు చెప్పి ఉంటారు. విసుగొచ్చి, పప్పులో ఉప్పెక్కువైనా తీసేయగలరా అని వెక్కిరించేదాన్ని.

లక్క మనం పెట్టింది. కింద ఉన్నది వాళ్లు పెట్టింది.

ఇంకొకటి కూడా ఉంది. తండ్రి పిలవకుండానే నా కూతురు వెళ్లిపోయిందనుకుంటూ బతకడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఈ పిల్లకీ ఒక తల్లి ఉండే ఉంటుంది.

"లోతుగా పెట్టు నౌషీన్" అన్నాను.

"మేడమ్, మళ్లొకసారి ఆలోచించుండ్రి. సార్ గొంతు..."

"విన్నాను కదా. పెట్టు."

"నేను ఒప్పుకోను" అన్నారు నరహరిగారు.

"చెమ్మ అంకె యాభై అయిదుకి చేరేదాకా పెట్టె నా చేతిలోది సార్. మీరు సంతకం పెట్టిన కాగితంలోనే ఉంది. ఆ తరవాత లక్క సంగతి పేపర్లకి నేనే చెబుతాను. తప్పు మా ఇంటిదని కూడా చెబుతాను." ఆయన నన్నే చూస్తూ నిలబడ్డారు. ఏమనుకున్నారో, మళ్లీ కుర్చీలో కూర్చున్నారు.

వెలుతురు రంగు మారింది. లక్క వాసన మళ్లీ వచ్చింది, ఈసారి గుప్పున. రెండో ముక్క పైన సన్నటి పొగ లేచింది. నేను చూపు తిప్పుకోలేదు. ఆయన రెండోసారి పిలిచిన పిలుపు అలా పొగై పైకప్పుకేసి వెళ్లిపోయింది. చేతులు కొంగులో చుట్టుకున్నాను. ఏడుస్తున్నానని నాకు తెలుసు. తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"యాభై మూడు."

స్పీకర్లో గరగర తప్ప ఏమీ లేదు. నౌషీన్ పెదవులు కదుపుతోంది, దువా చదువుతోందనుకుంటాను. గరగర అడుగునుంచి ఏదో లేచింది, మునిగింది, మళ్లీ లేచింది.

ఆడగొంతు. పెద్దావిడ గొంతు, బొంగురు పోయి ఉంది. రెండు అక్షరాల మాట. రెండో అక్షరాన్ని సాగదీసింది. సాగదీసి, ఆగి, వింటున్నట్టుగా ఊరుకుంది.

వెలుతురు మూడో ముక్కమీదికి పాకింది. వేదాద్రి మూడో పిలుపు పొగైపోయింది. స్పీకర్లోంచి ఆవిడ మళ్లీ అదే మాట అంది. ఈసారి నెమ్మదిగా, ఇంకా దగ్గరగా వచ్చి. తరవాత ఒక ఎక్కిలి. తరవాత ఏమీ లేదు.

"యాభై అయిదమ్మా" అన్నాడు యాదగిరి.

నలుగురం కలిసి మూత దించాం. నరహరిగారు కూడా ఒక మూల పట్టుకున్నారు.

"ఏమన్నది మేడమ్ ఆమె?" అంది నౌషీన్. "ఆ భాష తెలిసినోళ్లకి పంపాలె. అర్థం ఏందో..."

"పంపు. కాని అది పేరు."

"ఎట్ల తెలుసు?"

"అలా పిలిచేది పేరునే కదమ్మా."

యాదగిరి ముక్కు చీదుకుని, "రెండుమార్లే పిల్చింది గదా. మా దిక్కు మూడుమార్లు పిలుస్తరు" అన్నాడు.

మొదటిది మేం ముందే కాల్చేసిన ముక్క కింద ఉండిపోయింది. ఇక దాన్ని ఎవరూ వినలేరు. అక్కడ మాకు వినిపించింది మా ఆయన మొదటి పిలుపు. తరవాతి రెండూ ఆవిడవి. ఆ చెవి దగ్గర నేను విన్నవి మొత్తం మూడు.

"మూడుసార్లే పిలిచింది యాదగిరీ" అన్నాను.

ఇంటికి వచ్చేసరికి ముసురు తెరిపిచ్చింది. స్టవ్ మీద పాలు పెట్టి సారథికి ఫోను చేశాను. ఎత్తగానే గారెలు బాగున్నాయన్న కబురు మొదలుపెట్టాడు. ఆపమన్నాను.

"మీ అన్నయ్య పిలిచారయ్యా. ఇందీవరని."

అటునుంచి చాలాసేపు చప్పుడు లేదు. అంతసేపు ఊరుకోవడం అతని జన్మలో అదే మొదలనుకుంటాను.

"ఎక్కడ వదినా? నేను పక్కనే ఉన్నాను కదా. పిలవలేదు."

"అక్కడ కాదు. పనిలో."

"ఎన్నిసార్లు?"

"మూడుసార్లు" అన్నాను. "నేను ఒకటి విన్నాను."

పాలు పొంగుతున్నాయి. ఫోను పట్టుకునే వెళ్లి మంట తగ్గించాను.